అపాచీనా, హ్యూయీనా, చేతక్ చాలా? యుద్ధ హెలికాప్టర్ సిమ్ (సిమ్యులేటర్ గేమ్) మొదలుపెట్టే చిన్న టీమ్‌కి ఏది నయం

మొన్నామధ్య తమ్ముడి వరసయ్యే కుర్రాడొకడు మెసేజ్ పెట్టాడు. ఇంజినీరింగ్ అయిపోయింది, ఇద్దరు స్నేహితులతో కలిసి హెలికాప్టర్ యుద్ధం గేమ్ చేద్దామనుకుంటున్నాడట. "బొమ్మలాటలా కాదన్నా, నిజం హెలికాప్టర్ లాగే ఎగరాలి. అన్‌రియల్ తీసుకోమంటావా, యూనిటీనా?" అని ప్రశ్న. రెండూ గేములు కట్టే సాఫ్ట్‌వేర్లు, గేమ్ ఇంజిన్లంటారు. ఏ హెలికాప్టర్ అని అడిగాను. "అది తర్వాత చూసుకుందాం, ముందు ఇంజిన్ సంగతి తేలనీ" అన్నాడు. గేమ్‌కి పేరు మాత్రం అప్పటికే పెట్టేశారు, లోగో కూడా గీయించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

వాడికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మేం నలుగురం ఆఫీసులయ్యాక రాత్రిళ్లు కూర్చుని ఇలాంటిదే ఒకటి మూడేళ్లుగా కెలుకుతున్నాం. అమ్మకానికి పెట్టే స్థితికి ఇంకా రాలేదు గానీ, ఎక్కడెక్కడ కాలు జారుతుందో బాగా తెలిసొచ్చింది. నా మాట ఒక్కటే: ముందు హెలికాప్టర్ తేల్చుకోండి. దాన్ని బట్టి రోటర్ (పైన తిరిగే రెక్కల చక్రం) లెక్క తేలుతుంది, రోటర్ లెక్కను బట్టి గేమ్ ఇంజిన్ తేలుతుంది, మ్యాప్ ఎంత ఉండాలో కూడా దాంతోనే తేలుతుంది. దాదాపు అందరూ దీన్ని తలకిందులుగా మొదలెడతారు. మేమూ అంతే చేశాం.

ఏ హెలికాప్టర్

అందరి మనసులో మొదట మెదిలేది అపాచీ. 1996లో జేన్స్ లాంగ్‌బో వచ్చినప్పటి నుంచి ఈ రకం గేముల్లో దానిదే పెద్దపీట. డీసీఎస్ అనే యుద్ధ విమానాల సిమ్యులేటర్ గేమ్‌లో అపాచీ (ఏహెచ్-64డి రకం) 2022లో వచ్చింది. మనవాళ్లకు ఇంకో ముచ్చట కూడా ఉంది: అపాచీ బాడీలు హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో, టాటా-బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో 2018 నుంచి తయారవుతున్నాయి. మన వాయుసేన 2019 సెప్టెంబరులో పఠాన్‌కోట్‌లో వాటిని చేర్చుకుంది. ఇన్ని ఆకర్షణలున్నా, చిన్న టీమ్‌కి అపాచీ వద్దనే చెబుతాను.

కారణం, అపాచీలో ఎగరడం పనిలో చిన్న వంతు. మిగతాదంతా కంప్యూటర్లే. ముక్కు మీద తిరిగే కెమెరాలు, పైలట్ కుడికంటి ముందు నిలిచే చిన్న గాజుముక్క మీద పడే బొమ్మ, రోటర్ పైన గుండ్రటి రాడార్, స్క్రీన్ల మీద పేజీల మీద పేజీలు. ఒక్కో బటన్ నొక్కితే ఏమవాలో మీరే రాయాలి. పైగా సీట్లు రెండు: వెనక పైలట్, ముందు గన్నర్. ఆడేవాడు ఒక్కడే అయితే రెండో సీటులో ఎవరు? ఆ ప్రశ్నకు జవాబుగా డీసీఎస్ వాళ్లు అపాచీకి 'జార్జ్' అని, రష్యా యుద్ధ హెలికాప్టర్ ఎంఐ-24కి 'పెట్రోవిచ్' అని ఒక్కో కంప్యూటర్ మనిషిని తయారు చేయాల్సి వచ్చింది. మాట వినే, లక్ష్యాన్ని వెతికే, మిసైల్ వదిలే ఆ కనబడని మనిషే మీ ముగ్గురికీ ఏడాది పని.

ఎంఐ-24దీ ఇదే తంతు. దానికి పక్కన చిన్న రెక్కలు కూడా ఉంటాయి. వేగంగా వెళ్లేటప్పుడు బరువులో కొంత అవే మోస్తాయి. ఒకేచోట గాల్లో నిలబడితే మాత్రం రోటర్ గాలికి అడ్డుపడతాయి. చదువుకోవడానికి బాగుంటుంది, మొదటి ప్రాజెక్టుకి కాదు.

ప్రచండ్ మీద మోజు నాకూ ఉంది. 2022 అక్టోబరులో జోధ్‌పూర్‌లో వాయుసేనలో చేరిన మన సొంత యంత్రం. కానీ సిమ్యులేటర్‌కి కావలసిన కొలతలు, గ్రాఫులు బయట దొరకవు. దొరకనివాటి కోసం తెలిసిన ఆఫీసర్లను అడగడం మొదలెడితే అది 1923 నాటి అధికార రహస్యాల చట్టం గుమ్మం దాకా తీసుకెళ్తుంది. సరదాకి అంటున్న మాట కాదిది. 2019లో ఒక రష్యన్ గేమ్ డెవలపర్ మీద ఎఫ్-16 మాన్యువళ్ల వ్యవహారంలోనే అమెరికాలో కేసు నడిచింది. ట్యాంకుల గేమ్ ఆడేవాళ్లు వాదన నెగ్గడానికి సైన్యం కాగితాలు ఇంటర్నెట్‌లో పెట్టి చీవాట్లు తిన్న సంగతి కూడా తెలిసిందే.

ఇక హ్యూయీ, అంటే యూహెచ్-1హెచ్. వియత్నాం యుద్ధం ఫొటోల్లో కనబడే పొట్టలావు హెలికాప్టర్. నా ఓటు దీనికే, దానికి గట్టి కారణమే ఉంది. దీని రోటర్‌కు రెండే బ్లేడులు. ఆ రెండూ ఒకదానికొకటి బిగించి, మధ్యలో పిల్లల ఊగుడుబల్లలా ఒక్క కీలు మీద ఊగుతాయి. ఒకటి పైకి లేస్తే రెండోది అంతే కిందికి దిగుతుంది. అంటే లెక్కలో బ్లేడుల ఊపుకి ఒక్క కోణం చాలు. అపాచీలోనూ చేతక్‌లోనూ ప్రతి బ్లేడూ దాని మానాన అది పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ ఊగుతుంది, లెక్క అన్ని రెట్లవుతుంది. హ్యూయీ కొలతలన్నీ బయట ఉన్నాయి: రోటర్ వ్యాసం 14.63 మీటర్లు, నిమిషానికి 324 చుట్లు, గరిష్ఠ బరువు 4,309 కిలోలు. అమెరికా సైన్యం పైలట్లకిచ్చిన మాన్యువల్, అందులోని టార్క్ (రోటర్‌ను తిప్పడానికి ఇంజిన్ పెట్టే మెలితిప్పు బలం) గ్రాఫులతో సహా, ఎప్పటినుంచో చేతులు మారుతూ ఉంది. కాక్‌పిట్ నిండా ముళ్ల గడియారాల్లాంటి గేజీలే, స్క్రీన్లు లేవు. ఆయుధాలు మినీగన్, 70 మిల్లీమీటర్ల రాకెట్లు. గురి అంటే అద్దం మీద గీత, అంతే.

నచ్చని సంగతి కూడా చెప్పాలి: హ్యూయీ డీసీఎస్‌లో 2013 నుంచే ఉంది. మీరు దానితో పోటీ పడుతున్నారు. అందుకే చేతక్ మాట ఎత్తాను. ఫ్రెంచి అలౌట్-3నే హెచ్ఏఎల్ చేతక్ పేరుతో మన దగ్గర తయారు చేసింది. దానికో కథ ఉంది, ఆ కథ గేమ్‌కి అచ్చంగా సరిపోతుంది. 1971 సెప్టెంబరు చివర నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో బంగ్లా ముక్తివాహినికి (పాకిస్తాన్ సైన్యంతో పోరాడిన బంగ్లా విమోచన దళానికి) 'కిలో ఫ్లైట్' అనే చిన్న దళం తయారైంది. వాళ్ల దగ్గరున్న యుద్ధ విమానాలు ఏవంటే, రాకెట్లూ మెషిన్‌గన్నూ తగిలించిన ఒక అలౌట్, ఒక ఆటర్ విమానం. డిసెంబరు 3 రాత్రి ఆ హెలికాప్టర్ నారాయణ్‌గంజ్ ఇంధన డిపో మీద, ఆటర్ చిట్టగాంగ్ డిపో మీద దాడి చేశాయి. ఒక హెలికాప్టర్, ఒక నది మైదానం, చీకటి, నీళ్ల మీద తక్కువ ఎత్తులో ప్రయాణం. ముగ్గురు కుర్రాళ్లు మోయగలిగిన బరువు ఇదే.

చేతక్‌తో చిక్కు సమాచారం దగ్గర. హ్యూయీకి ఉన్నంత విరివిగా గ్రాఫులు దొరకవు. ఇంకో చిన్న సంగతి, మరిచిపోతే నవ్వులపాలవుతారు: ఫ్రెంచి రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. కలెక్టివ్ (హెలికాప్టర్‌ను పైకి లేపే పిడి) పైకి లాగితే హ్యూయీలో ఎడమ పెడల్ తొక్కాలి, చేతక్‌లో కుడి పెడల్. కాబట్టి నేను చెప్పేది: రోటర్ లెక్కను హ్యూయీ మీద సాధన చేయండి, నిజం గ్రాఫులతో సరిచూసుకోండి. అది కుదిరాక అదే కోడ్‌తో చేతక్‌కి వెళ్లండి. గేమ్ మాత్రం చేతక్ గురించే.

రోటర్ లెక్క: అసలు సిసలు ఎంపిక ఇదే

ఇక్కడ దారులు మూడు. మొదటిది, రోటర్‌ను తిరిగే పళ్లెం అనుకుని మొత్తం బలాన్ని కొన్ని సూత్రాలతో తేల్చేయడం. 1988లో హెఫ్లీ, మ్నిచ్ అనే ఇద్దరు నాసా కోసం ఈ పద్ధతిలో అతి తక్కువ సంక్లిష్టత ఉండే హెలికాప్టర్ మోడల్ ఒకటి నివేదికగా రాశారు. నాలుగు రోజులు కూర్చుంటే కోడ్ చేసేయొచ్చు. రెండోది, ప్రతి బ్లేడునూ ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత వేగంతో ఏ కోణంలో తగులుతోందో లెక్కగట్టడం. ఎక్స్-ప్లేన్ అనే విమాన సిమ్యులేటర్ పేరు తెచ్చుకున్నది ఈ దారిలోనే. మూడోది, లైసెన్స్ కొనుక్కోవడం. రోటర్‌లిబ్ అనే లైబ్రరీ టేక్ ఆన్ హెలికాప్టర్స్, ఆర్మా 3 అనే గేముల్లో పనిచేసింది. డబ్బుండి తొందరగా బయటికి రావాలనుకునే స్టూడియోకి మూడోదే తెలివైన పని. మీ దగ్గర డబ్బు లేదు కాబట్టి దాని గురించి ఇంకేం రాయను.

మొదటిదా రెండోదా అన్నప్పుడు చాలామంది "రెండోది కంప్యూటర్‌కి భారం" అంటారు. అది పాతమాట. లెక్క వేసి చూడండి. హ్యూయీ రోటర్ సెకనుకు 5.4 సార్లు తిరుగుతుంది, అంటే 1,944 డిగ్రీలు. గేమ్ సెకనుకు 60 ఫ్రేములతో నడిస్తే ఒక్కో ఫ్రేములో బ్లేడు 32 డిగ్రీలకు పైగా దూకేస్తుంది. అంత దూకుడులో ఊపు లెక్క పిచ్చెత్తి హెలికాప్టర్ గాల్లోనే పేలిపోతుంది (మాది పేలింది, మూడుసార్లు). అందుకని రోటర్‌ను విడిగా సెకనుకు 600 సార్లు నడిపితే ఒక్కో అడుగు 3.24 డిగ్రీలవుతుంది. బ్లేడుకి 15 ముక్కలు, రెండు బ్లేడులు, 600 సార్లు: సెకనుకు 18,000 చిన్న లెక్కలు. ఇప్పటి ప్రాసెసర్‌కి ఇది గాలికి కొట్టుకుపోయే పేలపిండి. భారం పడేది మన మీద. తప్పు జరిగితే ఏ ముక్కలో, ఏ కోణంలో, ఏ గుర్తు తారుమారైందో వెతకాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. మా హెలికాప్టర్ మొదటిసారి సరిగ్గా లేచిన రాత్రి, కర్రను ముందుకు తోస్తే అది ముందుకు వెళ్లకుండా పక్కకు ఒరిగింది. రెండు వారాలు కోడంతా జల్లెడ పట్టాం. చివరికి తేలిందేమంటే, బ్లేడు కోణం మార్చినచోట అది వెంటనే పైకి లేవదు. సుమారు 90 డిగ్రీలు తిరిగాక లేస్తుంది. తిరిగే బొంగరాన్ని ఒకవైపు నెడితే అది ఇంకోవైపు వాలినట్టు. అసలు హెలికాప్టర్‌లో కర్రకూ రోటర్‌కూ మధ్య కడ్డీలు ఆ తేడాను సర్దేలా అమర్చి ఉంటాయి. మేం కడ్డీలను పెట్టలేదు. భౌతికశాస్త్రం సరిగ్గానే ఉంది, మేమే సగం హెలికాప్టర్ కట్టాం.

నేను సిఫారసు చేసే దారి ఇలా: మొదటి నెల పళ్లెం పద్ధతితో ఎగిరే హెలికాప్టర్ ఒకటి తయారు చేసుకోండి. దాన్ని పారేయకండి, తర్వాత దూరంగా ఎగిరే శత్రు హెలికాప్టర్లకు అదే వాడుకోవచ్చు. ఆటగాడి హెలికాప్టర్‌కి మాత్రం బ్లేడు ముక్కల పద్ధతి రాయండి. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. తిన్నగా నిలబడ్డప్పుడు రెండింటి టార్క్ పొంతన లేకపోతే ఎక్కడో తప్పుంది.

సరిచూసుకోవడానికి ముందు చేతిలెక్క నేర్చుకోవాలి. 4,000 కిలోల హ్యూయీ సముద్రమట్టం దగ్గర గాల్లో నిలబడాలంటే రోటర్ కిందికి తోసే గాలి వేగం సుమారు సెకనుకు 9.8 మీటర్లు. కాగితం మీద పెన్నుతో వచ్చే అంకె ఇది. మీ కోడ్ 15 అనో 5 అనో చూపిస్తే, గ్రాఫిక్స్ ఎంత బాగున్నా ఆ రోజు ఇంకేం చేయకండి. అదే హెలికాప్టర్‌ను మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో పెట్టి చూడండి. సముద్రమట్టానికి అర కిలోమీటరు పైచిలుకు ఎత్తు, 42 డిగ్రీల ఎండ. గాలి సాంద్రత దాదాపు 14 శాతం తగ్గిపోతుంది. ఉదయం తేలిగ్గా లేచిన బరువుకే మధ్యాహ్నం టార్క్ ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. ఆ ముల్లును చూసి ఆటగాడు రెండు రాకెట్లు తగ్గించుకుందామా అని ఆలోచించాడంటే మీ సిమ్ పనిచేస్తున్నట్టే.

ఇంకో పరీక్ష: ముందుకు కదలకుండా నిట్టనిలువుగా కిందికి దింపండి. దిగే వేగం ఆ 9.8కి దగ్గరపడే కొద్దీ రోటర్ తను తోసిన గాలిలోనే తను మునుగుతుంది. కలెక్టివ్ లాగితే లేవకపోగా ఇంకా కూరుకుపోతుంది. పళ్లెం సూత్రాల్లో ఇది దానంతటదే రాదు, చేత్తో అతికించాలి. బ్లేడు ముక్కల పద్ధతిలో కూడా గాలి ప్రవాహం లెక్క మరీ చప్పగా ఉంటే రాదు. ఈ ఒక్క గుణం కోసమే నేను ఒక సంక్రాంతి సెలవులు మొత్తం ధారపోశాను. ఇంట్లో అరిసెల వాసన, నా ముందు గ్రాఫులు.

సొంత గేమా, ఉన్నదాని మీద ఎక్కడమా

ఉన్న వేదికల్లో డీసీఎస్‌లో యుద్ధం సిద్ధంగా ఉంది: ట్యాంకులు, రాడార్లు, మిసైళ్లు. మీ ఫ్లైట్ మోడల్‌ను (హెలికాప్టర్ ఎగిరే లెక్కల కోడ్‌ను) బయటి నుంచి తగిలించే వీలూ ఉంది. అభిమానులు కలిసి చేసిన ఉచిత యూహెచ్-60ఎల్ హెలికాప్టర్ అలా పుట్టిందే. కానీ అమ్ముకోవాలంటే వాళ్లతో ఒప్పందం ఉండాలి, కొత్త కుర్రాళ్లకు అది అంత సులువు కాదు. ఎక్స్-ప్లేన్‌కి యాడ్-ఆన్ చేసి అమ్ముకోవచ్చు, అక్కడ ఎగరడం బాగుంటుంది, యుద్ధం పేరుకే. ఫ్లైట్‌గేర్ ఉచితం, సోర్స్ కోడ్ మొత్తం తెరిచి ఉంది. నేర్చుకోవడానికి దాన్ని మించిన బడి లేదు. జీపీఎల్ లైసెన్స్ కాబట్టి దాని మీద కట్టింది అమ్మినా, కొన్నవాళ్లకు సోర్స్ ఇవ్వాల్సిందే. ఫ్లైట్‌గేర్‌లో ఎగిరే లెక్కలు చేసే జేఎస్‌బీసిమ్ అనే భాగానిది మాత్రం ఎల్‌జీపీఎల్ అనే కాస్త సడలింపున్న లైసెన్స్. షరతులు పాటిస్తే మూసి ఉన్న గేమ్‌లోనూ వాడుకోవచ్చు. సరళమైన రోటర్ మోడల్ కూడా అందులో ఉంది.

పేరు రావాలి, డబ్బు సంగతి తర్వాత అనుకుంటే డీసీఎస్ మాడ్‌గా (ఉన్న గేమ్‌కి తగిలించే ఉచిత చేర్పుగా) మొదలెట్టండి. కిలో ఫ్లైట్ లాంటి సొంత కథ చెప్పాలంటే సొంత గేమే దారి. అప్పుడు వస్తుంది తమ్ముడి అసలు ప్రశ్న.

అన్‌రియల్, యూనిటీ, గోడో. చెట్లూ వెలుగూ ఏది బాగా చూపిస్తుందనే వాదనలు వదిలేయండి. మనకు తేడా తెచ్చేది దూరం. మామూలు 32 బిట్ల అంకెతో స్థానాన్ని రాస్తే, మ్యాప్ మధ్య బిందువు నుంచి 60 కిలోమీటర్లు వెళ్లేసరికి దాని కచ్చితత్వం దాదాపు 4 మిల్లీమీటర్లు. 80 కిలోమీటర్ల దగ్గర 8. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ కాక్‌పిట్ మన కంటికి జానెడు దూరంలో ఉంటుంది. మా మొదటి బిల్డ్‌లో మధ్య నుంచి దూరంగా వెళ్లేకొద్దీ గేజీల ముళ్లు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. స్క్రూలు ఎగిరెగిరి పడ్డాయి. సరిహద్దుకి ఇవతల మన అగర్తల నుంచి నారాయణ్‌గంజ్‌కి తిన్నగా గీత గీస్తేనే 80 కిలోమీటర్ల పైచిలుకు, కాబట్టి ఈ చిక్కు మీకు తప్పదు.

అన్‌రియల్ 5 నుంచి స్థానాలకు 64 బిట్ల అంకెలు వాడుతోంది, ఈ తలనొప్పి చాలావరకు పోతుంది. ఆదాయం 10 లక్షల డాలర్లు దాటితేనే 5 శాతం రాయల్టీ. అంత వచ్చిన రోజు సంతోషంగా కట్టేయొచ్చు. యూనిటీలో ఆటగాడు కాస్త దూరం వెళ్లిన ప్రతిసారీ ప్రపంచం మొత్తాన్ని వెనక్కి జరిపే ఉపాయం మీరే రాసుకోవాలి. కష్టం కాదు గానీ ఎగురుతున్న బుల్లెట్లు, పొగ, చప్పుళ్లు అన్నింటినీ జరపడం మరిచిపోకూడదు. 2023 సెప్టెంబరులో ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు ప్రకటించి, ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్న యూనిటీ మీద నాకు ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదు. గోడో పూర్తిగా ఉచితం. 64 బిట్ల స్థానాలు కావాలంటే ఇంజిన్‌ను మీరే కంపైల్ చేసుకోవాలి.

ముగ్గురిలో ఒకడికైనా సీ ప్లస్ ప్లస్ బాగా వస్తే అన్‌రియల్. అందరూ సీ షార్ప్ వాళ్లయితే యూనిటీ, కళ్లు తెరుచుకునే. ఏది తీసుకున్నా రోటర్ లెక్కను ఇంజిన్‌తో ముడిపెట్టకుండా విడి లైబ్రరీగా రాయండి. మేం అలా రాయడం వల్లే ఒకసారి ఇంజిన్ మార్చినా ప్రాణం పోలేదు.

నేల, యుద్ధం

విమానాల సిమ్‌కీ దీనికీ తేడా నేల దగ్గర తెలుస్తుంది. విమానం వాడు పది వేల అడుగుల నుంచి చూస్తాడు. మనవాడు తాటిచెట్టు ఎత్తులో వెళ్తాడు. ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది. 30 మీటర్లకు ఒక బిందువు, ఎత్తులో తప్పు 16 మీటర్ల దాకా ఉండొచ్చని దాని స్పెసిఫికేషనే చెబుతుంది. కొండలున్నచోట కనబడదు. బల్లపరుపుగా ఉండే బెంగాల్ డెల్టాలో మాత్రం పొలాలు కూడా గతుకుల రోడ్డులా ఉబ్బుతూ కుంగుతూ కనబడతాయి, ఎందుకంటే రాడార్ చెట్ల తలలను కూడా నేల అనుకుంది. అక్కడ డేటాను నమ్మకుండా చదును చేసి, నదుల గట్లు చేత్తో గీసుకోవడమే మేలు. గడ్డి, పొదలు, గట్టు మీద రాళ్లు లేకపోతే ఆటగాడు గాల్లో నిలబెట్టలేడు. జారుతున్నానా లేదా అన్నది కన్ను ఆ చిన్నవాటిని చూసే పసిగడుతుంది. మీ హెలికాప్టర్ హోవర్‌లో కుదరడం లేదని ఎవరైనా అంటే, కోడ్ ముట్టుకునే ముందు గడ్డి వేసి చూడండి.

యుద్ధం విషయంలో, దానంతటదే నడిచే క్యాంపెయిన్ అందరి కల. 1997 నాటి లాంగ్‌బో 2లోనూ, 1998 నాటి ఎనిమీ ఎంగేజ్డ్‌లోనూ అది ఉంది, జనం ఇప్పటికీ తలుచుకుంటారు. చిన్న టీమ్ దాన్ని మొదటే ఎత్తుకోవడం నేల విడిచి సాము. చేత్తో రాసిన ఆరు మిషన్లు, ప్రతిసారీ కాపలా ఎక్కడుందో, వెన్నెల ఎంతుందో, గాలి ఎటుందో మారేలా పెడితే చాలు. కిలో ఫ్లైట్ కథకు అంతకంటే అక్కర్లేదు.

కంట్రోళ్ల మాట రెండు ముక్కల్లో. అసలు కలెక్టివ్ పైకి లాగితే హెలికాప్టర్ లేస్తుంది, ఇళ్లలో ఉండే థ్రాటిల్ ముందుకు తోస్తే లేస్తుంది. రెండు దిశలకూ సెట్టింగ్ పెట్టండి. ఇంట్లో జాయ్‌స్టిక్‌కి స్ప్రింగ్ ఉంటుంది, వదిలితే మధ్యకు వచ్చేస్తుంది. అసలు హెలికాప్టర్ కర్ర, అంటే సైక్లిక్, పెట్టినచోట ఉంటుంది. ట్రిమ్ (కర్ర ఉన్న స్థానాన్ని అక్కడే నిలిపే) బటన్ నొక్కాక కర్ర మధ్యకు వచ్చేదాకా కొత్త కదలికను పట్టించుకోని మోడ్ ఒకటి లేకపోతే హెలికాప్టర్ ప్రతి ట్రిమ్‌కీ ఎగిరిపడుతుంది. గేమ్‌ప్యాడ్ వాళ్లను వదిలేయకండి, మన దగ్గర వాళ్లే ఎక్కువ.

పేర్ల సంగతి కూడా చూసుకోండి. 2012లో బ్యాటిల్‌ఫీల్డ్ 3లో కనబడిన బెల్ హెలికాప్టర్ల విషయంలో గేమ్ కంపెనీ ఈఏకీ, బెల్ యజమాని టెక్స్‌ట్రాన్‌కీ మధ్య కోర్టు గొడవ నడిచి చివరికి రాజీ అయింది. అంత పెద్ద కంపెనీయే వకీళ్లను పెట్టుకోవాల్సి వచ్చింది. కంపెనీ లోగో, కంపెనీ పేరు గేమ్ పెట్టె మీద వేయకండి. అమ్మే ముందు వకీలుకి ఒకసారి చూపించండి.

తమ్ముడు నిన్న ఒక వీడియో పంపాడు. బూడిదరంగు చదునైన నేల, గీతలు గీసిన ఖాళీ ఆకాశం, పెట్టెలా ఉన్న హెలికాప్టర్. చెట్లు లేవు, శత్రువులు లేరు, లోగో కూడా తీసేశారు. మూలన ఒక అంకె మినుకుమంటోంది: సెకనుకు 9.6 మీటర్లు. "ఆ 0.2 ఎటు పోయిందన్నా?" అని అడిగాడు. బరువు 4,000 పెట్టావా, 3,900 పెట్టావా చూడమన్నాను.